కొమొడో నోట్లో ఏముంది?

ఉడుముపట్టు అంటే మనకు చచ్చినా వదలని పట్టు. బండను గోళ్లతో కరుచుకున్న ఉడుమును చూసి పుట్టిన మాట అది. ఆ ఉడుముల కుటుంబంలోకెల్లా పెద్దదైన కొమొడో డ్రాగన్ మాత్రం వేటలో ఇందుకు పూర్తిగా ఎదురు. ఇండొనేషియాలోని కొమొడో, రింకా, ఫ్లోరెస్ లాంటి కొద్ది దీవుల్లో బతికే ఈ జీవి మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, 70 కిలోల వరకూ తూగుతుంది. పొద చాటున కదలకుండా కాచుకుని, దగ్గరికొచ్చిన జింక మీదో అడవిపంది మీదో ఉరుకుతుంది. కరిచి, తలను బలంగా వెనక్కి గుంజుతుంది. దాని వేట ఒడుపంతా ఆ గుంజుడులోనే ఉంది. కానీ దశాబ్దాలుగా ప్రచారంలో ఉన్న కథ వేరు. దాని నోరు కుళ్లుకుప్ప అనీ, అందులోని క్రిములే కాటు పడ్డ జంతువును రోజుల తరబడి కుళ్లబెట్టి చంపుతాయనీ చెబుతూ వచ్చారు. ఇంత నేర్పున్న వేటగాడి మీద ఇది నిలబడని నింద.

ముందు పళ్లు చూద్దాం. దాదాపు అరవై పళ్లు, అన్నీ వెనక్కి వంగినవి, అంచుల్లో రంపపు నొక్కులున్నవి. ఆ నొక్కుల మీదా పళ్ల కొసల మీదా నారింజ రంగు పూత ఒకటి కనిపిస్తుంది. అది ఇనుము అని 2024లో పరిశోధకులు తేల్చారు. దవడ బలం చూస్తే అంతే సైజు మొసలి ముందు కొమొడో ఎందుకూ చాలదు. నొక్కి ఎముక విరిచే పని దానిది కాదు, లాగి కోసే పని. పైగా 2009లో బ్రయన్ ఫ్రై బృందం దాని తలను స్కాన్ చేసి, కింది దవడలో విషగ్రంథులున్నాయని చూపింది. వాటి నాళాలు పళ్ల సందుల్లోకి తెరుచుకుంటాయి. ఆ విషం నెత్తురు గడ్డకట్టనివ్వదు, రక్తపోటును పడగొడుతుంది. విషం లేకపోయినా ఆ గాయాలే చాలని వాదించే శాస్త్రవేత్తలున్నారు. నా మొగ్గు కూడా కొంత అటే: కోత ముందు, విషం దానికి తోడు. ఎటు చూసినా చంపేది నెత్తురు పోవడమే. ఇందులో కుళ్లుకు చోటెక్కడ?

ఇక శుభ్రత సంగతి. తిండి అయ్యాక కొమొడో పది పదిహేను నిమిషాలు పెదాలు నాక్కుంటుంది, మూతిని ఆకులకేసి రుద్దుకుంటుంది. చచ్చిన జంతువు పేగులు దొరికితే నోట కరిచి అటూ ఇటూ విసిరి విసిరి, లోపలి పేడంతా చిమ్మేసి గానీ మింగదు. ఈ ఏవగింపే పిల్లలకు రక్ష. పెద్ద కొమొడోలు పిల్లల్ని తినేస్తాయి కనుక అవి చెట్ల మీదే పెరుగుతాయి. కళేబరం దగ్గరికి దిగినప్పుడు ఆ పేడలోనే పొర్లుతాయి. ఆ వాసనకు పెద్దవి వాటి జోలికి రావు. మరి నోటి నుంచి కారే ఆ నెత్తుటి చొంగ? పళ్లను చాలావరకు చిగుళ్లే కప్పి ఉంచుతాయి. కరిచినప్పుడు ఆ చిగుళ్లు చీరుకుంటాయి. అందులో దాని సొంత నెత్తురూ ఉంటుంది.

క్రిముల వాదం చేసేవాళ్లు గేదెల్ని చూపిస్తారు. కాటు తిని తప్పించుకున్న గేదె కొన్నాళ్లకు గాయం చీముపట్టి చచ్చిపోతుంది, నిజమే. కానీ గేదెలు ఆ దీవులవి కావు, మనుషులు తెచ్చినవి. దెబ్బ తగలగానే గేదె వెళ్లి దిగేది తన పేడే కలిసిన మడుగులోకి. పచ్చి గాయానికి ఆ నీళ్లు చాలవా? 2013లో అమెరికా జూల్లోని 16 కొమొడోల లాలాజలాన్ని పరీక్షిస్తే, మాంసం తినే ఏ జంతువు నోట్లోనైనా ఉండే మామూలు క్రిములే కనిపించాయి. జూలో పెట్టేది శుభ్రమైన తిండి, అడవి నోరు వేరు కదా అంటే, ఆ మాట సబబే. అడవిలోని వాటి నోట్లో క్రిములు ఎక్కువే ఉండొచ్చు. అయితే నోట్లో క్రిములుండటం వేరు, వాటితో వేటాడటం వేరు. మొదటిదానికే ఆధారం ఉంది.

చరిత్ర క్లుప్తంగా: 1912లో జావాలోని పీటర్ ఔవెన్స్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1969లో వాల్టర్ ఆఫెన్‌బర్గ్ కుటుంబంతో సహా వెళ్లి కొమొడో దీవిలో దాదాపు ఏడాది పాటు మకాం వేశాడు. క్రిముల ఊహ బలపడింది ఆయన పరిశీలనలతోనే. పేగులు దులపడం, పిల్లలు పేడలో పొర్లడం లోకానికి తెలిసిందీ ఆయన వల్లే. 1980లో అక్కడ నేషనల్ పార్కు వచ్చింది.

బాక్స్: ఏడాదికి పన్నెండు భోజనాలు

ఒక్క విడతలో తన బరువులో 80 శాతం దాకా తినగలదు. ఏడాదికి డజను భోజనాలతో సరిపెట్టుకోగలదు. పెద్ద ముక్క గొంతులో ఉండగానే నాలుక కింది గొట్టంతో ఊపిరి పీలుస్తుంది. అరగని కొమ్ములు, వెంట్రుకలు, పళ్లను జిగురు ఉండలా కక్కేస్తుంది. ఆ ఉండ వాసన దానికే గిట్టదు, వెంటనే మూతిని నేలకో పొదకో రుద్దుకుంటుంది.