వినికిడి పరీక్షకు ముందు ఇంట్లో చేయాల్సినవి

‘అన్నం తినకపోతే డాక్టరు సూది వేస్తాడు’ అని రోజూ బెదిరించిన పిల్లని ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లి, హెడ్‌ఫోన్లు పెట్టించుకోమంటే ఊరుకుంటుందా? అందుకే ముందు చెప్పాల్సిన మాట: సూది ఉండదు, నొప్పి ఉండదు, అమ్మ పక్కనే ఉంటుంది.

మూడేళ్లు దాటితే పరీక్ష దాదాపు ఆటే. శబ్దం వినపడగానే ఒక దిమ్మను డబ్బాలో వెయ్యాలి. శబ్దం క్రమంగా తగ్గుతుంది. ఎంత సన్నటి శబ్దం వరకు పిల్ల పట్టుకోగలిగిందో ఆడియాలజిస్టు నమోదు చేస్తారు. దీన్ని ఇంట్లోనే అలవాటు చేయొచ్చు. పిల్ల వెనక నిలబడి గిన్నె మీద చెంచాతో కొట్టండి. ముందు నిలబడితే చెవి బదులు కన్ను జవాబిస్తుంది. పిల్లలకు కష్టమైనది దిమ్మ వేయడం కాదు, వినపడేదాకా ఆగడం. పాత హెడ్‌ఫోన్లుంటే శబ్దం లేకుండా కాసేపు పెట్టి చూపించండి.

పరీక్ష గదిలో మాత్రం పెద్దలు బొమ్మల్లా కూర్చోవాలి. ‘వెయ్యి, వెయ్యి’ అని మోచేత్తో పొడిస్తే లేని వినికిడి కాగితం మీద ఉన్నట్టు వస్తుంది.

పసిపిల్లలకు ఓఏఈ పరీక్షలో చెవిలో చిన్న ప్రోబు పెట్టి, లోపలి చెవి నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుంటారు. బెరా పరీక్షలో నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి నాడి, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూస్తారు. కదిలితే ఫలితం చెడుతుంది కాబట్టి బిడ్డ నిద్రపోవాలి. ముందు కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లి, అక్కడే పాలు పట్టి పడుకోబెట్టండి. నిద్రమందు ఇస్తామంటే లెక్క వేరు: పాలు ఎప్పుడు ఆపాలో ముందే అడగండి. తలకు నూనె వద్దు, ఎలక్ట్రోడ్లు అంటుకోవు. నుదుటి దిష్టిచుక్క ఆ రోజుకి పాదానికి మార్చండి.

జలుబు ఉంటే ముందే చెప్పండి; కర్ణభేరి వెనక నీరు చేరినా ఫలితం తేడా వస్తుంది. చెవిలో నూనె పోయడం, బడ్స్‌తో కెలకడం ఎప్పుడూ వద్దు.

మొదటి స్క్రీనింగ్‌లో పాసవకపోతే చెవుడు ఖాయమైనట్టు కాదు. కానీ ‘వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమేలే’ అని రెండోసారి వెళ్లడం మానేయకండి. బిడ్డ పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స మొదలవ్వాలన్నది వైద్యులు పాటించే గడువు.