వేళ నెరిగి వ్యాయామం

పల్నాటి సీమ పేరు వినగానే వీరగాథలతోపాటు మండుటెండలు కూడా స్ఫురణకు వస్తాయి. గురజాల, మాచర్లల నడుమనున్న రెంటచింతల వేసవి ఉష్ణోగ్రతలకు పేరుమోసిన ఊరు. ఇటువంటి సీమలో మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నాడీవ్యాధి ఉన్నవారు వ్యాయామం చేయవచ్చునా? చేయవచ్చు, చేయాలి కూడా. అయితే వేళ నెరిగి చేయాలి.

విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే నాడీతంతువులకు మైలిన్ అనే పొర రక్షణ కల్పిస్తుంది. ఈ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థే పొరపాటున మెదడు, వెన్నుపాములలోని ఆ పొరను దెబ్బతీస్తుంది. ఫలితంగా కాళ్లలో బలహీనత, తిమ్మిరి, చూపు మందగించడం, విపరీతమైన అలసట కలుగుతాయి. 20 నుండి 40 ఏళ్ల మధ్య వయసులో ఈ వ్యాధి ఎక్కువగా బయటపడుతుంది.

1890లో విల్‌హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు, ఈ రోగులలో కొందరికి శ్రమ చేసినప్పుడు చూపు మసకబారడం గమనించాడు. శ్రమ హానికరమని భావించి వైద్యులు చాలాకాలం విశ్రాంతినే సూచించారు. నిజానికి దోషం శ్రమది కాదు, వేడిది. మైలిన్ దెబ్బతిన్న నాడిలో శరీరపు వేడి కొద్దిగా పెరిగినా సంకేతాల ప్రసారం మందగిస్తుంది. శరీరం చల్లబడగానే మునుపటి స్థితి తిరిగి వస్తుంది. కదలక కూర్చుంటే మాత్రం కండరాలు క్షీణిస్తాయి, కీళ్లు బిగుసుకుంటాయి. 1996లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, 15 వారాలపాటు క్రమంగా వ్యాయామం చేసిన రోగులకు ఓపిక, కండబలం పెరిగాయి; వ్యాధి ముదరలేదు.

కనుక పల్నాడు వంటి చోట వేళ ముఖ్యం. సూర్యోదయానికి ముందే నడవడం మేలు. కుర్చీలోనుండి లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలవడం వంటివి ఇంటిలోనే ఫ్యాను కింద చేయవచ్చు. మెడకు తడి తువ్వాలు చుట్టుకోవాలి, నీరు తాగుతుండాలి. అలసట తోచగానే ఆగాలి. జ్వరం ఉన్ననాడు మానాలి. కొత్త లక్షణం ఏదైనా 24 గంటలకు మించి నిలిస్తే వైద్యుని సంప్రదించాలి. ఎవరికి ఎంత వ్యాయామం తగునో ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి.

"పడిపోతావు, కూర్చో" అని ఇంటివారు వారించడం ప్రేమతోనే. కాని ఆ ప్రేమే రోగిని మంచానికి కట్టివేయరాదు. తెల్లవారుజామున చేయి పట్టుకొని నాలుగడుగులు వెంట నడవడమే వారు చేయగల నిజమైన సాయం.