మా జిప్సీకి గుండె మార్పిడి

"ఇంజను పోయిందక్కా. బండిని పాత ఇనుము కింద అమ్మేయండి."

2012 వేసవిలో మదనపల్లెలో మెకానిక్ ఈ మాట అనగానే నాకు ఏడుపొక్కటే తక్కువ. మా టమాటా తోట రోడ్డుకి మూడు కిలోమీటర్ల లోపల ఉంది. మధ్యలో ఇసుక వంక, రాళ్ల మిట్ట. ఆటోలు రావు. మావారు పోయాక ఆయన వదిలి వెళ్లిన 1998 నాటి మారుతి జిప్సీయే నాకు దిక్కు. ఫోర్ వీల్ గేరు వేస్తే వంకలోంచి కూడా ఇట్టే బయటికొచ్చేది.

తప్పు నాదే. మార్కెట్లో వేలానికి వేళవుతోందన్న తొందరలో, వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటినా బండి ఆపలేదు. రేడియేటర్లో నీళ్లన్నీ కారిపోయాయి. తర్వాత ఆయిల్ పుల్ల తీసి చూస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంది. అందులో నీళ్లు కలిశాయన్నమాట. విప్పాక తెలిసింది, హెడ్ వంగింది, బ్లాకు చిట్లింది.

"డీజిల్ ఇంజను వేయిద్దాం వదినా, మైలేజీ వస్తుంది" అన్నాడు మా మరిది. మెకానిక్ కూడా ఆయనతోనే మాట్లాడుతున్నాడు. బండి నాది, డబ్బు నాది, నన్ను మాత్రం ఎవరూ అడగరు!

మర్నాడు నేనే రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లాను. ఇంజను మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలట. ఆర్సీలో పెట్రోలు అని ఉన్న బండికి మన ఇష్టమొచ్చినట్టు డీజిల్ ఇంజను బిగించకూడదట. రేపు ప్రమాదం జరిగితే బీమా వాళ్లు పేచీ పెడతారు. పైగా డీజిల్ ఇంజను బరువు ఎక్కువ, ముందు పట్టీల మీదా గేరుబాక్సు మీదా భారం పడుతుంది. తోటలో పనికొచ్చే ఆడవాళ్లు నా బండిలోనే ఎక్కుతారు. వాళ్లకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి? అదే రకం 1300 సీసీ పెట్రోలు ఇంజనే కావాలన్నాను.

మొదట చూసిన పాత ఇంజను చౌకే. కానీ దాని మీద నంబరు అరగదీసి ఉంది. దొంగ సొత్తేమోనని వద్దన్నాను. రెండోదానికి రసీదు, పాత బండి కాగితాలు ఉన్నాయి. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలిపించాను. నాలుగూ ఇంచుమించు సమానంగా ఉంటేనే ఇంజను బాగున్నట్టు లెక్క. రెండు గాజులు బ్యాంకులో కుదువపెట్టి డబ్బు కట్టాను.

షెడ్డులో రెండు రోజులూ దగ్గరే కూర్చున్నాను. బ్యాటరీ తీశారు. నీళ్లు, ఆయిల్ దించారు. రేడియేటరు, గొట్టాలు, వైర్లు విడదీసి, గేరుబాక్సు దగ్గర బోల్టులు విప్పి, గొలుసు కప్పీతో ఇంజను పైకి లేపారు. కొత్తగా తెచ్చినది బిగించకముందే క్లచ్ ప్లేటు, టైమింగ్ బెల్టు, ఇంజను కింది రబ్బరు మౌంటింగులు మార్పించాను. తర్వాత మార్చాలంటే మళ్లీ కూలి దండగ. అన్నిటికన్నా ముందు రేడియేటరు బాగుచేయించాను. పాత ఇంజను ప్రాణం తీసింది అదే కదా!

ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ ఇంజను నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకున్నారు. ఆర్సీలో కొత్త నంబరు ఎక్కింది. బీమా కంపెనీకీ ఉత్తరం రాసి, పాలసీలో మార్పించాను. ఈ రెండూ చేయకపోతే ఎంత మంచి ఇంజనైనా తలనొప్పే.

తర్వాతి పంటకే గాజులు విడిపించుకున్నాను. అప్పటినుంచీ పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి కాగేలోపు బానెట్ ఎత్తి నీళ్లు, ఆయిల్ చూసి రావడం నాకు అలవాటైపోయింది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ముందే కేటాయించి ఉంటే గాజులు బ్యాంకు గడప తొక్కేవే కాదు!

అన్నట్టు, ఇప్పుడా మెకానిక్ మా మరిది పక్కనున్నా సరే, "ఏం చేద్దామక్కా?" అని నన్నే అడుగుతాడు.