పిల్లల ఊబకాయం: డాక్టర్ వాడకు రావాలి

ఊబకాయం ఉన్నోళ్ల జబ్బు, మన వాడ పిల్లలకు పోషకాహార లోపమే అనుకుంటాం. కానీ పేదరికం రెండింటికీ దారి తీయగలదు. కూలి డబ్బుకు గుడ్డు, పప్పు అందనప్పుడు 5 రూపాయల చిప్స్ ప్యాకెట్ ఆకలి చంపుతుంది. దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే వయసులో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు.

తల్లిని తప్పుపట్టి వెళ్లిపోతే డాక్టర్ పని పూర్తయినట్టు కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఒకసారి రావాలి. ఎత్తు, బరువు కలిపి చూసి తల్లులకు వివరించాలి.

బడికి 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020 నిబంధనలు చెబుతున్నాయి. వాటి అమలుకు, వాడలో ఆటస్థలానికి మనం పెట్టే అర్జీకి డాక్టర్ రాసిచ్చే కాగితం బలం. బృందం వచ్చిన రోజే అది అడుగుదాం.