ఆకుపచ్చ గోడ వెనక కోనసీమ

కోనసీమ ఫొటో ఒకటి చూపించమంటే పదిమందిలో తొమ్మిదిమంది ఒకే బొమ్మ చూపిస్తారు. మధ్యలో కాలువ, రెండు పక్కలా నీళ్లమీదికి వంగిన కొబ్బరిచెట్లు, వీలైతే ఓ నాటుపడవ. క్యాలెండర్ మీద అదే, హోటలు గోడ మీద అదే, పెళ్లికి ముందు తీసే ఫొటోల వెనకా అదే. బొమ్మలో తప్పేమీ లేదు. కాకపోతే అది రాజోలు దగ్గర తీశారో, కొత్తపేట దగ్గర తీశారో, అసలు కేరళలో తీశారో చెప్పడం కష్టం. ఇంత అందమైన సీమను ఇన్నేళ్లుగా ఇన్ని వేలమంది తీస్తుంటే బొమ్మలన్నీ ఒకేలా ఎందుకు వస్తున్నాయి?

తప్పు ఫొటోగ్రాఫర్లదే అనలేం. నేలదీ ఉంది. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుంటూ పోయే ఈ లంకల సీమలో రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఒక్క గుట్ట లేదు. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు మొదట వెతుక్కునేది ఎత్తైన చోటు. ఇక్కడ ఎత్తంటే ఏటిగట్టు, వంతెన, పి.గన్నవరం అక్విడక్టు, అంతర్వేది లైట్‌హౌసు. అంతే. గట్టు దిగితే కొబ్బరితోట అడ్డం. నాలుగడుగుల దూరంలో ఆకుపచ్చ గోడ. ఆ గోడలో సందు దొరికేది కాలువ దగ్గరే కాబట్టి అందరి కెమెరాలూ అక్కడికే తిరుగుతాయి.

ఈ చిక్కు కోనసీమ ఒక్కదానిదే కాదు. రైన్ నది డెల్టాలో ఉండే డచ్చి చిత్రకారులకు 17వ శతాబ్దంలోనే ఎదురైంది. యాకొబ్ వాన్ రూయిస్‌డాల్ తన ఊరు హార్లెమ్‌ను గీసినప్పుడు ఇసుకదిబ్బ ఎక్కి చూశాడు, నేలను కింది మూడోవంతుకు తోసేసి, మిగతాదంతా మేఘాలకు ఇచ్చేశాడు. నేల చదునైతే బొమ్మను ఆకాశంలో వెతుక్కోవాలన్నమాట. జూన్ చివర్లో నైరుతి మబ్బులు దిగేటప్పుడు ముక్తేశ్వరం రేవులో నిలబడి గౌతమికి అవతల కోటిపల్లి వైపు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏరు ఓ సన్నటి గీత, పైనంతా మబ్బే.

తెలుగువాళ్లలో ఈ గోడను దాటి చూసినవాళ్లు లేకపోలేదు. బాపు మొదటి సినిమా ‘సాక్షి’ (1967) ఆత్రేయపురం దగ్గరున్న పులిదిండి గ్రామంలో తీశారు. కథ రాసిన ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో పుట్టాడు, తీసిన బాపు నరసాపురంలో పుట్టాడు. వశిష్ఠ పాయ మొదలయ్యే చోట ఒకరు, సముద్రంలో కలవబోయే చోట ఒకరు. సినిమాలో నటుడు కృష్ణ బల్లకట్టు నడిపే కిష్టయ్య. అసలు విశేషం వేరే ఉంది. అది నలుపు తెలుపు సినిమా. కోనసీమ నుంచి పచ్చదనం తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలంటే ‘సాక్షి’ చూడాలి. చెట్ల బోదెల నిలువు గీతలు, ఇసుక తెలుపు, నీటి మెరుపు, రేవులో నిలబడ్డ మనుషుల ఆకారాలు మిగులుతాయి. బాపు చిత్రకారుడు, షాట్లను ముందే బొమ్మలుగా గీసుకునే అలవాటున్నవాడు. ఆయన కళ్లకు చెట్టు ముందు గీతగా కనిపించి ఉంటుంది, ఆ తర్వాతే చెట్టుగా. కోనసీమలో కొత్తగా కెమెరా పట్టినవాళ్లు ఓ నెల రోజులు ఫోనును నలుపు తెలుపులో పెట్టుకుని తిరిగితే, కొన్నేళ్ల తరగతులు చెప్పలేనిది తెలుస్తుంది.

దీనికి ఎదురువాదన కూడా ఉంది. జైపూరువాడైన రఘువీర్ సింగ్ (1942–1999) రంగుల ఫొటోగ్రఫీని గంభీరమైన కళగా నిలబెట్టిన తొలితరం వాళ్లలో ఒకడు. నలుపు తెలుపు పడమటివాళ్ల చూపు, భారతదేశాన్ని రంగుల్లోనే చూడాలన్నది ఆయన వాదం. గంగానదిని విడవకుండా ఏళ్ల తరబడి తీశాడు. ఒకే నదిని పట్టుకుని అన్నేళ్లు కూర్చోవడం అనే ఓపిక గోదావరికి ఫొటోగ్రాఫర్ల కంటే ముందు ఓ చిత్రకారుడిలో దొరికింది. రాజమండ్రి దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, పేరు తెచ్చుకుని కూడా, మళ్లీ సొంతూరికే వచ్చాడు. గోదావరినీ తూర్పు కనుమలనూ గీశాడు. 28 ఏళ్లు నిండకుండానే, 1925లో మశూచితో పోయాడు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. అమలాపురం నుంచి బస్సెక్కితే పూటలో చూసి రావచ్చు. ఫిల్టర్ల మీద పెట్టే డబ్బులో ఈ బస్సు చార్జీ ఎంత?

ఇక ఓపిక. కొండల్లో ఫొటోలు తీసేవాళ్లు వెలుగు కోసం కాచుకుంటారు. కోనసీమలో వెలుగుతోపాటు నీటి కోసం కూడా కాచుకోవాలి. ఈ రెంటి లెక్కా తెలియనివాడు ఎన్ని గంటలు నిలబడ్డా కాళ్లనొప్పులే.

వెలుగు లెక్క ఇలా ఉంటుంది. అమలాపురం భూమధ్యరేఖకు పదహారున్నర డిగ్రీల ఉత్తరాన ఉంది. సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు, నిటారుగా దిగుతాడు. చలిదేశాల ఫొటోగ్రాఫర్లు గంటల తరబడి అనుభవించే బంగారు వెలుగు ఇక్కడ చూస్తుండగానే అయిపోతుంది. పొద్దు వాలాక మసక వెలుతురు పాతిక నిమిషాలకు మించి నిలవదు. మే మొదటి వారంలో ఓసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నడుమ రోజుల్లో మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో నీడలుండవు, లోతుండదు. కొబ్బరాకు మీది నున్నటి పొర ఎండకు తళతళలాడి, పచ్చని తోట ఫొటోలో తెల్లగా పాలిపోతుంది. పోలరైజర్ ఫిల్టర్ ఆ మెరుపును కొంత తగ్గిస్తుంది, అదీ సూర్యుడు పక్కనుంచి పడుతున్నప్పుడు. నడినెత్తిన ఉంటే కెమెరా సంచీలో పెట్టి భోజనానికి పోవడమే నయం.

నీటి లెక్క ఇంకా పెద్దది. మనం ప్రకృతి అనుకుని తీసే కాలువ ప్రకృతి పెట్టింది కాదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్టతో, బొబ్బర్లంక దగ్గర మొదలయ్యే మధ్య డెల్టా కాలువలతో వచ్చింది. అంతకుముందు 1833 నాటి కరువులో ఇదే గోదావరి సీమ ఆకలితో అల్లాడింది. అందుకని ఇక్కడ నీళ్లకు ఓ టైంటేబులుంది. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. సెలవులు దొరికాయని మే నెలలో లొల్ల లాకుల దగ్గరికి వెళ్లి, నిండు కాలువలో కొబ్బరిచెట్ల నీడలు తీద్దామనుకున్నవాడికి బురదా, గుర్రపుడెక్కా దొరుకుతాయి. జూన్‌లో నీళ్లు వదులుతారు. ఆ తర్వాత సార్వా దమ్ములు. దమ్ము చేసి నీళ్లు కట్టిన చేలు, ఊడ్పులు పడేదాకా ఉన్న కొద్ది రోజులు, ఊరికి ఊరే అద్దం. నారు పచ్చబడిందా, ఆ బొమ్మ మళ్లీ డిసెంబరు, జనవరిలో దాళ్వాకు చేలు సిద్ధం చేసేటప్పుడే. అప్పుడైతే పొద్దున్నే పొగమంచు కూడా తోడవుతుంది. ధనుర్మాసంలో ఆరున్నరకు గట్టెక్కితే, ఎప్పుడూ అడ్డం నిలబడే ఆకుపచ్చ గోడ ఒక్కో వరసగా విడిపోయి కనిపిస్తుంది. దగ్గర చెట్లు నల్లగా, వెనకవి బూడిదరంగులో, ఇంకా వెనకవి లేనట్టుగా. చదును నేలకు లోతు తెచ్చేది ఏడాదిలో ఆ కొన్ని వారాలే.

సముద్రం దగ్గరికి పోతే లెక్క మళ్లీ మారుతుంది. అంతర్వేదిలో వశిష్ఠ సాగరంలో కలిసేచోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అక్కడ పోటు, పాటు తెలియకుండా ట్రైపాడ్ పాతితే కెమెరాకే తీర్థస్నానం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అంటే ఇవాళ పొద్దు పొడిచే వేళకు పాటుండి, తడి ఇసుకలో ఆకాశం కనిపించిందనుకోండి, అలాంటి పొద్దు మళ్లీ కావాలంటే రెండు వారాలు ఆగాలి. ఆ రోజు మబ్బు కమ్మితే ఇంకో రెండు వారాలు. వలలు వేసేవాళ్లకు ఈ సంగతంతా తిథుల లెక్కన నోటికొచ్చు. అమావాస్యకు, పున్నానికి పోటు జోరని తెలియడానికి వాళ్లు ఏ యాప్ తెరవరు. మంచి ఫొటోగ్రాఫర్ మొదట స్నేహం చేయవలసింది వాళ్లతో.

ఓపిక అంటే ఊరికే నిలబడటం అనుకునేవాళ్లకు ఆన్సెల్ ఆడమ్స్ కథ చెప్పాలి. 1941 నవంబరు 1న అమెరికాలోని న్యూమెక్సికోలో కారులో పోతూ, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు లేవడం చూశాడు. చర్చి పక్కనున్న సమాధుల శిలువల మీద ఆఖరి ఎండ. హడావుడిగా పెద్ద కెమెరా బిగించాడు, వెలుగు కొలిచే మీటరు దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతుంటుందో గుర్తుంది కాబట్టి దాన్నిబట్టి మనసులోనే లెక్క కట్టి ఓ ఫొటో తీశాడు. రెండోది తీద్దామనేసరికి శిలువల మీది ఎండ పోయింది. చూసేవాళ్లకు ఇది అదృష్టం. పద్నాలుగేళ్ల వయసులో, 1916లో, యోసెమిటీ లోయలో బ్రౌనీ కెమెరాతో మొదలుపెట్టి పాతికేళ్లు సాధన చేసినవాడి చేతికి దొరికిన అదృష్టం.

కోనసీమలో అలాంటి క్షణాలు కనుమ నాడు జగ్గన్నతోటలో దొరుకుతాయి. మొసలపల్లి దగ్గరి ఆ కొబ్బరితోటలో గుడి లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల రుద్రులు, వెదురుతో కట్టి రంగులతో ముస్తాబు చేసిన ప్రభల మీద అక్కడికి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ‘అశ్శరభ శరభ’ అనే కేకల మధ్య చేలను తొక్కుకుంటూ, కౌశికలో దిగి, మనుషుల భుజాల మీద ఏరు దాటుతాయి. ఈ ఘట్టానికి వచ్చే కెమెరాలన్నీ ప్రభ పైభాగం మీదే ఉంటాయి, రంగులన్నీ అక్కడున్నాయి కాబట్టి. కింద, మెడలోతు నీళ్లలో వెదురు మోసే భుజాలను పట్టుకున్న ఫొటోలు తక్కువ. దృశ్యం తీసేవాళ్లు మనుషుల్ని పక్కకు తప్పుకోమంటారు, నిజమే. కానీ చేనుగట్టు నుంచి కాలువ దాకా మనిషి చెయ్యి పడని దృశ్యం ఇక్కడ లేదు. కొబ్బరి దింపు తీసేవాడు చెట్టు మీద లేకపోతే ఆ చెట్టు ఎత్తెంతో కూడా ఫొటోలో తెలియదు.

వరద రోజులు వేరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో పడవలే దారులయ్యాయి. ఎర్రటి నీళ్లలో సగం మునిగిన అరటితోటలు పైనుంచి చూస్తే కళ్లు చెదిరే రంగులు. ఆ రంగు ఒకరి ఏడాది పంట. అలాంటి రోజు కెమెరా తీయకూడదని కాదు, తీసినవాడు కాసేపు పడవలో బియ్యం మూటలు పట్టుకుంటే ఊరు మళ్లీ రానిస్తుంది.

డ్రోన్ వచ్చాక ఎత్తు సమస్య తీరింది, కొత్త మూస మొదలైంది. ఇప్పుడు అందరిదీ పైనుంచి మెలికలు తిరిగే పాయే. నిబంధనల సంగతీ ఉంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు వెసులుబాట్లు ఎక్కువే గానీ, చమురు, గ్యాస్ స్థావరాలున్న ఈ సీమలో ఎక్కడ ఎగరేయవచ్చో ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో చూసుకోకుండా మీట నొక్కడం తెలివితక్కువ. అన్నట్టు, ఈ తేమకు లెన్సు లోపల ఫంగస్ పట్టడం మామూలే. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బా, ఖరీదైన రెండో లెన్సు కంటే ముందు కొనాల్సిన వస్తువు.

ఇంతకీ ఇన్నేళ్లు ఓపిక పట్టి తీసిన ఫొటోలు గోడకు తగిలించుకోవడానికేనా? అమెరికాలో 1977లో మార్క్ క్లెట్, మరికొందరు కలిసి ఓ పని మొదలుపెట్టారు. అంతకు వందేళ్ల కిందట సర్వేవాళ్లు ఫొటోలు తీసిన చోట్లనే మళ్లీ కెమెరా నిలబెట్టి, ఏం మారిందో చూపించారు. కోనసీమకు ఈ పని మరీ అవసరం. 1996 నవంబరు 6 తుఫాను తోటలకు తోటల్నే పడగొట్టింది. ఆ తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు దాదాపు ముప్పై ఏళ్ల చెట్లు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పొడవునా ఉప్పునీరు ఎగదన్ని, కొబ్బరిచెట్లు తలలు రాలి మోడులయ్యాయి. అంతర్వేది తీరంలో సముద్రం నేలను కోస్తోంది. ఒకే గట్టు మీద, ఒకే లెన్సుతో, ఏడాదికోసారి అదే తిథికి తీసిన ఫొటోల వరస ఉంటే రైతుకూ పనికొస్తుంది, ఇంజనీరుకూ పనికొస్తుంది.

అలాంటి వరసకు తేదీ ముఖ్యం. ఆడమ్స్ తేదీలు రాసుకునే మనిషి కాదు. ఆ చంద్రోదయం ఫొటో ఏ రోజుదో తేల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు చంద్రుడి స్థానాన్ని లెక్కలు కట్టవలసి వచ్చింది. 1991 దాకా తేలలేదు. ఇప్పుడు ఫోనైనా, కెమెరా అయినా, తేదీ, గంట ఫొటోలోనే దాచి పెడుతుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే చోటు కూడా. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలన్నీ రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తాయి.