ఇల్లాలి రక్షణ మెవరి చేతిలో నున్నది?

హెచ్.ఐ.వి. నివారణమును గూర్చి మన దేశమున జరిగిన బోధ చాలవఱకు రెండు మాటలలో నిమిడియున్నది: పురుషుడు నియమము తప్పరాదు, తప్పినచో తొడుగు వాడవలెను. రెండును మంచి మాటలే. కాని రెండును పురుషునితో జెప్పిన మాటలు. అతడు వినకున్నచో నింటిలోని యిల్లాలు చేయదగిన దేమి? ఈ ప్రశ్నను ఆఫ్రికా ఖండమున చాలకాలముగా నడుగుచున్నారు. గోదావరీ తీరమునను నడుగవలసియున్నదని మా యభిప్రాయము.

ఇది పొరుగువారి గోడు కాదు. జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థవారి 2021 అంచనాలను బట్టి భారతదేశమున నీ క్రిమి సోకినవారు సుమారు 24 లక్షలు. అందు ఆంధ్రప్రదేశమువారు 3 లక్షల 21 వేలు. సంఖ్యలో మహారాష్ట్రము తరువాతి స్థానము మనదే. వయోజనులలో దేశపు సగటు నూటికి 0.21 కాగా మన రాష్ట్రమున 0.67. దేశమందలి బాధితులలో నూటికి సుమారు 45 మంది స్త్రీలు. వారిలో ననేకులు భర్తను దప్ప నన్యు నెఱుగని గృహిణులు.

కలకత్తా నుండి చెన్నపట్టణమునకు పోవు జాతీయ రహదారి తాడేపల్లిగూడెము, ఏలూరుల మీదుగా పోవుచున్నది. కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చెరువులలోని చేపలు మంచులో బేర్చబడి లారీలలో వంగదేశమునకును, అస్సామునకును తరలుచున్నవి. డ్రైవరులు, క్లీనరులు దినముల తరబడి యింటి మొగము చూడరు. పనులు లేని కాలమున కూలీలు పొరుగూళ్లకు వలస పోవుదురు. ఈ వృత్తులను నిందించుట మా యుద్దేశము కాదు. మన సంపద వారి చెమటపై నిలిచియున్నది. ఇంటికి దూరమైన బ్రతుకున నపాయ మధికమని మాత్రమే చెప్పుచున్నాము. లారీ తిరిగివచ్చిన రాత్రి తొడుగు వాడుమని యే యిల్లాలు భర్తతో ననగలదు? అన్నచో, "నన్ను శంకించుచున్నావా?" యను గద్దింపు, లేదా యామె శీలమునందే యనుమానము. సంతానము గోరు క్రొత్త దంపతుల యింట నా మాటకు తావే లేదు. గర్భిణులకు ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష జరుగును గావున కుటుంబమున మొదట బయటపడునది తఱచుగా భార్య వ్యాధియే. మొదట బయటపడుటచే మొదటి నిందయు నామెదే యగుచున్నది.

ఆఫ్రికా దేశములలో వైద్యులు ఈ చిక్కునే యెదుర్కొనిరి. క్రిమి సోకనివారు ముందుగానే దినమున కొక మాత్ర మ్రింగినచో రక్షణ కలుగునని తేలినది. కాని దక్షిణాఫ్రికా, యుగాండా, జింబాబ్వేలలో 5 వేలకు పైగా స్త్రీలతో నడపిన 'వాయిస్' పరిశోధన ఫలితములు 2013లో వెల్లడియైనపుడు, మాత్ర లిచ్చినవారి రక్తపు నమూనాలలో మూడవ వంతున గూడ మందు కానరాలేదు. అది మాత్ర లోపము కాదు. మందుసీసా కంటబడినచో లోకము రోగిష్టి యనునను భీతియే యనేకుల చేతిని వెనుకకు లాగినది.

అందుచే శాస్త్రజ్ఞులు స్త్రీ బ్రతుకునకు దగిన సాధనములను వెదకిరి. నెల దినములు శరీరములోపల నుండి మందు విడుచు డాపివిరిన్ వలయము మొదటిది. 2016 నాటి రెండు పరిశోధనలలో నిది వ్యాధి సోకుటను సుమారు 30 శాతము తగ్గించినది. 2021లో ప్రపంచారోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసినది. రెండు నెలల కొకమారు వేయు కాబోటెగ్రవిర్ సూదిమందునకు 2022లో నట్టి యామోదము లభించినది. ఆరు నెలల కొక్కమారు వేయు లెనకాపవిర్ మూడవది. దక్షిణాఫ్రికా, యుగాండాలలో దీనిని పొందిన 2,134 మంది యువతులలో నొక్కరికిని క్రిమి సోకలేదని 2024లో తేలినది. 2025 జూలైలో ప్రపంచారోగ్య సంస్థ దీనిని గూడ సిఫారసు చేసినది. ఇవి గర్భమును నిరోధింపవు. ఇతర సుఖవ్యాధుల నాపవు. ముందు పరీక్ష తప్పదు. కాని వీనికి భర్త యనుమతి యక్కరలేదు. బిడ్డను గోరు తల్లికి తొడుగు తీర్పలేని సంకటమును ఇట్టి మందులు తీర్పగలవు.

ఆఫ్రికా చరిత్రలో మఱియొక పాఠము గలదు. అమెరికా ప్రభుత్వము 2025 జనవరిలో విదేశ సహాయమును నిలిపివేసి, పిదప నివారణ మందుల సహాయమును గర్భిణులకును, బాలింతలకును మాత్రమే పరిమితము చేసినది. తక్కిన స్త్రీల రక్షణ యొక్క కలముపోటుతో సందేహమున బడినది. పరుల బొక్కసమును నమ్ముకొన్న రక్షణ మిట్టిది. మన స్థితి వేఱు. 2021 నుండి 2026 మార్చి వఱకు గల ఐదవ దశ కార్యక్రమమునకు కేంద్రప్రభుత్వము 15,471 కోట్ల రూపాయలను స్వదేశపు ధనము నుండియే కేటాయించినది. మందు సంగతి యింకను విశేషము. అమెరికాలో సంవత్సరమునకు 28 వేల డాలరులకు మించిన లెనకాపవిరును, హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్, హెటిరో కంపెనీలు 2027 నుండి పేదదేశములకు 40 డాలరుల కీయనున్నట్లు 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడినది. తెలుగుగడ్డ మందు యుగాండా యువతిని గాపాడుట మనకు గర్వకారణమే. అది కొల్లేటి గ్రామములోని యిల్లాలికి చేరనిచో దీపము క్రింద చీకటి యనక మఱేమందుము?

ఇట్టి సాధనములు చేతి కిచ్చినచో స్త్రీలు కట్టు తప్పుదురని కొందఱు పెద్ద లందురు. గొడుగు పట్టినవాడు వానను పిలిచినవాడు కాడు. తన తప్పు లేకయే మందులపాలగు నిల్లాలిని జూచియు నీతిని బోధించుచు గూర్చుండుట నీతి కాదు.

కావున మేము కోరునది మూడు. ప్రభుత్వము గ్రామ వైద్యశాలలలో కుటుంబ నియంత్రణ సాధనములతో పాటు వీనిని గూడ గుట్టుగా, నుచితముగా, స్త్రీ యిష్టానుసారము లభింపజేయవలెను. చేపల చెరువుల యజమానులు, లారీల యజమానులు తమ పనివారికి పరీక్ష చేయించుకొనుటకు సెలవిచ్చి, వ్యాధి తేలినవాని పని తీసివేయకుండవలెను. 2018 సెప్టెంబరు 10 నుండి యమలులో నున్న శాసన మట్టి వివక్షను నిషేధించినది, అనుమతి లేని పరీక్షను గూడ నిషేధించినది. మూడవది, క్రిమి సోకిన భర్త వెంటనే చికిత్స గొనవలెను. భార్యాభర్తలలో నొకరికే క్రిమి యున్నపుడు వెంటనే చికిత్స మొదలిడినచో రెండవవారికి సోకుట 96 శాతము తగ్గినదని 2011లోనే ఋజువైనది. ఆ మందు ప్రభుత్వాసుపత్రులలో నుచితము.

ధనము మనది, మందు మనది, శాసనము మనది. ఇల్లాలి ప్రాణము నింటియజమాని దయకు విడువక, దానిని గాచుకొను సాధనము నామె చేతికే యిచ్చుట యొక్కటియే మిగిలియున్నది.