సరిహద్దులు దాటిన అక్రమ ధనం

నేరం ఒక దేశంలో జరుగును. దాని ఫలం మరొక దేశపు బ్యాంకులో దాగును. ఒక దేశపు న్యాయస్థానం ఇచ్చిన జప్తు ఉత్తర్వు సరిహద్దుకు ఆవల దానంతటదిగా చెల్లదు. కనుక ఆ సొమ్మును రాబట్టుటకు ఉభయ ప్రభుత్వాల సహకారం అనివార్యమైనది.

ఇందుకు ఫిలిప్పీన్స్ ఉదంతం గమనింపదగినది. 1986 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ పదవి కోల్పోయి దేశం విడిచిపోయినాడు. మరుసటి నెలలోనే, మనీలా నుండి లాంఛనప్రాయమైన అభ్యర్థన అందకమునుపే, స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఆయన ఖాతాలను స్తంభింపజేసినది. తొందర ఇక్కడ గుణమే. ధనం తరలుటకు గడియ చాలును, న్యాయవిచారణకు సంవత్సరాలు పట్టును. ఖాతాలు వేర్వేరు సంస్థల పేర ఉన్నందున, అసలు యజమానిని నిరూపించుటకు స్విస్ బ్యాంకు పత్రాలే ఆధారమైనవి. 1997లో స్విస్ సర్వోన్నత న్యాయస్థానం సొమ్ము తరలింపునకు అనుమతించినది. అయితే ఫిలిప్పీన్స్ న్యాయస్థానం సక్రమంగా విచారించి తీర్పు చెప్పవలెనని షరతు విధించినది. ఆ తీర్పు 2003లో వెలువడినది. మార్కోస్ దంపతుల న్యాయార్జితం సుమారు 3 లక్షల 4 వేల డాలర్లు. ఖాతాలలో ఉన్నది 65 కోట్ల డాలర్లకు పైమాట! ఆ వ్యత్యాసమే జప్తునకు ఆధారమైనది. 2013 నాటి చట్టం ఈ ధనం నుండి 1,000 కోట్ల పెసోలను మార్కోస్ పాలనలో హింసకు గురైనవారికి కేటాయించినది.

అవినీతి ధనాన్ని స్వదేశానికి తిరిగి అప్పగించుట మౌలిక సూత్రమని 2003 నాటి ఐక్యరాజ్య సమితి ఒడంబడిక ప్రకటించినది. భారతదేశం దానిని 2011లో ధ్రువీకరించినది. మన 2002 నాటి అక్రమ ధన చలామణి నిరోధక చట్టం, ఒప్పందం గల అన్యదేశం కోరినప్పుడు ఇక్కడి ఆస్తిని సైతం జప్తు చేయుటకు వీలు కల్పించుచున్నది.